నీళ్ళు తిన్న సబ్బు

నా నోరు మంచిది కాదు. ఇది నేను గొప్పకి చెప్పుకుంటున్న మాట కాదు, మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసిన సంగతి. "నోరు అదుపులో పెట్టుకోవే, రేపు అత్తారింట్లో అగచాట్లు పడతావు" అని రోజుకోసారైనా అనేది. తీరా అత్తారింటికి వెళ్ళాక నా నోటివల్ల నేను పడిన అగచాట్లేమీ లేవు. ఇంకొకావిడ పడింది. ఆవిడ ఇప్పుడు లేదు. నేనూ ఎన్నాళ్ళుంటానో తెలియదు. అందుకని ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

మాది తెనాలి దగ్గర కాలవ ఒడ్డు ఊరు. దొడ్డి తలుపు తీసి నాలుగు మెట్లు దిగితే కాలవే. బట్ట తడిపి సబ్బు రెండు రుద్దులు రుద్దితే చాలు, మోచేతుల దాకా నురగ. బట్టలుతకడం కూడా ఒక పనేనా అనుకునేదాన్ని. పైగా ఎస్సెల్సీ ప్యాసయ్యాను. ఆ రోజుల్లో ఆడపిల్లకి అది తక్కువ చదువేం కాదు. ఆ పొగరు కూడా కాస్త ఉండేది.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో నాకు పెళ్ళయింది. అద్దంకి వైపు ఒక నల్లరేగడి ఊళ్ళో మా ఆయన స్కూలు మేష్టారు. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తగారూ, అంతే. ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప. అప్పటికింకా సాగర్ కాలవలు రాలేదు. తాగే నీళ్ళు ఊరి బయట చేలో బావి నుంచి బిందెలతో మోసుకురావాలి. మిగతా అన్నిటికీ ఊరి నడుమ ఉన్న ఉప్పుబావే గతి. నేను కాపరానికి వచ్చిన రోజే అత్తగారు చెప్పింది, "ఈ బావి నీళ్ళతో పప్పు పెట్టబాకమ్మాయ్, పొద్దుగూకినా ఉడకదు" అని. ఆ మాట బుద్ధిగా విన్నాను. మరి పప్పే ఉడకని నీళ్ళలో సబ్బు ఏం పని చేస్తుందని ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. ఎస్సెల్సీ బుర్ర కదా!

మా వీధిలో ఎవరూ బట్టలు ఇంట్లో ఉతుక్కునేవాళ్ళు కాదు. అన్నీ చాకలామెకే. అప్పట్లో అలాగే పిలిచేవాళ్ళం, పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. యాభైకి దగ్గర పడిన మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది. మాట మాత్రం ఈ వీధిలో మాట్లాడితే ఆ వీధికి వినపడేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. పొద్దున్నే వచ్చి, ఎవరినీ అడక్కుండా వెనకగదిలోకి వెళ్ళి, దండెం మీదివీ మంచం కిందివీ తనే ఏరుకుని మూట కట్టేది. సాయంత్రం ఇంటింటికీ తిరిగి అన్నం పెట్టించుకెళ్ళేది. ఎవరి పంచె ఏదో, ఎవరి తువ్వాలు ఏదో ఆమెకి తెలిసినట్టు ఆ ఇంటివాళ్ళకి కూడా తెలియదు. మా అత్తగారు పెట్టె తాళాలు చాప మీద పడేసి కునుకు తీసేది, ఆమె ఇంట్లో తిరుగుతుండగానే.

ఆమె ఉతికే పద్ధతి వేరు. ఊరవతల చవిటి నేల మీద తెల్లగా పొక్కే మట్టిని గీకి తెచ్చుకునేది. దాన్ని చౌడు అంటారు. ఆ చౌడు నీళ్ళలో కలిపి, బట్టలు ముంచి పిండి, పెద్ద బాన మూతి మీద చుట్టలు చుట్టలుగా పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడకబెట్టేది. దాని పేరు ఉబ్బ. మర్నాడు వాటిని బండ మీద బాది, జాడించి, తెల్లబట్టలకి నీలిమందు పెట్టి ఆరేసేది. మా ఆయన పంచెలు తెల్లగా, కంటికి ఇంపుగా వచ్చేవి. ఆ సంగతి నేను ఒప్పుకోవాలి, కానీ అప్పుడు ఒప్పుకోలేదు.

ఎందుకంటే మొదటి ఉబ్బలోనే నా ఊదారంగు వాయిల్ చీర వెలిసిపోయింది. మా అన్నయ్య గుంటూరులో కొని తెచ్చిన చీర. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"కొత్త చీరని మట్టిలో ముంచి ఉడకబెడతావా? నీకసలు బుద్ధుందా?"

"చౌడుకి రంగులు ఆగవు చిన్నమ్మగారూ. ముందు చెబితే యిడిగా జాడిద్దును కదా" అంది ఆమె, తప్పు తనదే అన్నట్టు నొచ్చుకుంటూ.

ఇక మా ఇంటి బట్టలకి మట్టి తగలడానికి వీల్లేదని ఆజ్ఞ జారీ చేశాను. మా ఆయన చేత చిలకలూరిపేట నుంచి బార్ సబ్బు తెప్పించాను. మూరెడు పొడుగు కడ్డీ. దారంతో సమంగా ముక్కలు కోసి, రెండు ముక్కలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ నీళ్ళకి సబ్బేందండీ? కుదరదండీ."

"కుదరకపోవడానికేముంది? మా ఊళ్ళో అందరూ సబ్బే పెడతారు. చెప్పినట్టు చెయ్యి" అన్నాను.

మూడో రోజు బట్టలు వచ్చాయి. పంచెలు బూడిదరంగు తిరిగాయి. తువ్వాళ్ళు అట్టల్లా బిగుసుకుపోయాయి, ముట్టుకుంటే జిడ్డు. సబ్బు ఏదని అడిగితే అయిపోయిందంది. ఇంకో రెండు ముక్కలిచ్చాను. అవీ అయిపోయాయి, బట్టలు ఇంకా మసకబారాయి. మూడోసారి నాలుగు ముక్కలిచ్చాను. మా ఆయన మాత్రం ఆ మసక పంచె కట్టుకునే, ఒక్క మాట అనకుండా బడికి వెళ్ళొచ్చేవాడు. ఆయన ఏమీ అనకపోవడం నాకు ఇంకా కోపం తెప్పించేది.

నాలుగు ముక్కలిచ్చిన వారం, ఒక సాయంత్రం ఉప్పుబావి దగ్గర నీళ్ళు తోడుతున్నాను. మిరపకోతల రోజులు. కోతకెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి చేరతారు కాబట్టి బావి చుట్టూ సంతలా ఉంది. చాకలామె మా బట్టల మూట ఇంటికి తీసుకొస్తూ అటుగా వచ్చింది. అక్కడే మూట విప్పించాను. పైనున్న పంచె చూసేసరికి నా నోరు నా మాట వినలేదు.

"సబ్బు మిగిలిందా?"

"లేదమ్మా."

"నాలుగు ముక్కలూనా? నాలుగు ముక్కలు పట్టించిన పంచె ఇలా ఉంటుందా?"

"నీళ్ళు తిన్నాయమ్మా" అంది ఆమె.

"నీళ్ళు తిన్నాయా? నీళ్ళకి నోరుందా, పళ్ళున్నాయా? నీళ్ళు తిన్నాయో నువ్వే అమ్ముకు తిన్నావో ఎవరికి తెలుసు!"

బావి చుట్టూ ఉన్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. నా మాటకి అంతమంది నవ్వడం నాకు మహా బాగుంది. అంత గొంతున్న మనిషి నోరు తెరవకపోతే నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "ఏం, దొంగకి తేలు కుట్టినట్టు నుంచున్నావే?" అని కూడా అన్నాను. ఆమె మూటని బావి గట్టు మీద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకి నా ఘనకార్యం చెప్పాను. ఆయన కాసేపు విని, "ఆమె తియ్యడం నువ్వు చూశావా?" అని అడిగాడు.

"చూడక్కర్లేదండీ, తెలిసిపోతోందిగా."

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి లేచాడు.

ఆమె మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అత్తగారు సణిగింది, "నా పెళ్ళయిన కాణ్ణించీ ఈ ఇంటి బట్టలు దాని చేతిమీదుగానే పోయినై. నీ నోరు పాడుగాను, ఇప్పుడెవరుతుకుతారు?" అని. నేనుతుకుతాను, ఇదేమైనా బ్రహ్మవిద్యా అన్నాను.

అయిదు బిందెల నీళ్ళు తోడి దొడ్లో పెట్టుకున్నాను. సబ్బు ముక్కలు రెండు పక్కన పెట్టుకున్నాను. కొంగు బిగించి పంచె తడిపి సబ్బు రుద్దాను. నురగ లేదు. ఇంకా రుద్దాను. నురగ బదులు విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలాయి. నీళ్ళు చాలలేదేమోనని నీళ్ళు పోశాను. తరకలు ఎక్కువయ్యాయి. సబ్బు చాలలేదేమోనని సబ్బు రుద్దాను. ముక్క నా చేతిలోనే అరిగి, పలచబడి, రేకులా అయి, వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. రెండో ముక్క తీసుకున్నాను. పంచె సగం కూడా అవలేదు, ఆ రెండో ముక్కా చేతిలో లేదు. పిండితే పంచె మీద ఆ తరకలన్నీ అతుక్కుని, జిడ్డుగా, బూడిదరంగుగా ఉంది. ఆమె తెచ్చిచ్చిన పంచె ఎలా ఉందో సరిగ్గా అలాగే ఉంది.

దొడ్లో ఒక్కదాన్నే కూలబడ్డాను. రెండు ముక్కల సబ్బు ఒక పంచెకి చాల్లేదు. వారానికి నాలుగు ముక్కలతో ఆమె ఇంటిల్లిపాది బట్టలూ ఉతికింది. ఇందులో ఎవరు ఎవరికి సబ్బు ఎగ్గొట్టారు? ఇప్పుడు నా చేతిలో సబ్బు లేదు కాబట్టి నేనూ అమ్ముకు తిన్నట్టేనా? నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఎన్నిసార్లు చెప్పించుకున్నానో, అన్నిసార్లూ చెవిన పెట్టలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఇంటికి వెళ్ళాను. చేతిలో ఒక కొత్త రవికెల గుడ్డ పట్టుకెళ్ళాను. అది ఇస్తే అంతా సర్దుకుపోతుందని నా ఆలోచన. ఊరి చివర పాక. ముందు ఉబ్బ బాన, పక్కన చౌడు నీళ్ళ తొట్టి. మిరపకోతకెళ్ళినవాళ్ళ బట్టలు ముంచుతోంది. ఆ బట్టల ఘాటు నా ముక్కుకే ఎక్కింది. ఆమె చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అన్ని రోజులు ఆమె చేతుల్లో సబ్బు పెట్టానే, ఆ చేతులు ఎలా ఉన్నాయో నేనెప్పుడూ చూడలేదు.

నన్ను చూసి లేవలేదు. కూచోమని పీట మాత్రం చూపించింది.

"తప్పు నాదే" అన్నాను. "నిన్నటిదాకా తెలియలేదు. ఇవాళ నేనే ఉతికాను. నువ్వన్నట్టు నీళ్ళే తిన్నాయి."

"తింటాయి మరి. ఈ నీళ్ళకి ఆకలెక్కువ" అంది. పక్కనున్న కుండలోంచి ఉత్త బావినీళ్ళు ఒక ముంత తీసి, అందులో చిటికెడు చౌడు వేసి కలిపి పక్కన పెట్టింది. కాసేపటికి అడుగున తెల్లగా ఏదో పేరుకుంది. పైన తేరిన నీళ్ళు ఇంకో ముంతలోకి వంచి, "సబ్బు తెచ్చావా?" అంది. నేను తేలేదు. తనే లోపలికి వెళ్ళి ఎవరి ఇంట్లోనో పారేసిన ఒంటిసబ్బు అరగగా మిగిలిన ముక్క తెచ్చి ఆ నీళ్ళలో రుద్దింది. నురగ! మా కాలవలో వచ్చినంత నురగ.

"ముందు నీళ్ళ కడుపు నింపాల. అప్పుడు సబ్బు జోలికి రావు. నేను అట్టా చేద్దామంటే మట్టి ముట్టుకోవద్దంటివి. నీ బట్టలు, నీ సబ్బు, నేనెవర్ని కాదనటానికి?"

నాకు ఏడుపొచ్చింది. గుడ్డ ఆమె ముందు పెట్టి, "అన్న మాట మనసులో పెట్టుకోబాకు. నువ్వు తియ్యలేదని నాకు తెలిసింది" అన్నాను.

ఆమె గుడ్డ వంక చూడలేదు. నా వంక చూసింది.

"నేను తియ్యలేదని నాకు చెబుతావేందమ్మా? నాకు తెలవదా? బావి కాడ అన్నావు. బావి కాడ చెప్పు."

అంతే. మళ్ళీ తొట్టి వైపు తిరిగింది. గుడ్డ పట్టుకుని ఇంటికొచ్చేశాను.

అత్తగారితో చెబితే గుండె మీద చెయ్యి వేసుకుంది. "మేష్టారి పెళ్ళానివి, నలుగురి ముందూ చాకలిదాన్ని బతిమాలుతావా? తలెత్తుకు తిరగొద్దా మేము? దాని ఇంటికెళ్ళి చెప్పావు, చాల్లే" అంది. నిజం చెప్పొద్దూ, నాకా మాట హాయిగా అనిపించింది. నేను చెప్పాల్సింది చెప్పేశాను కదా, అది వినకపోతే నా తప్పా అని సర్దిచెప్పుకున్నాను. నాలుగు రోజులు బావికి వెళ్ళలేదు, నీళ్ళు అత్తగారే తెచ్చింది. మా ఆయనకి అంతా తెలుసు. ఒక్కసారి, "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగాడు. నేను విననట్టు నటించాను.

అయిదో రోజు పొద్దున అరుగు మీద కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఎదురింట్లోంచి చాకలామె మూటతో బయటికొచ్చింది. ఆ ఇంటావిడ వెనకే వచ్చి, "ఆగు, మూట దించు" అంది. అరుగు మీద మూట విప్పించి ఒక్కొక్కటీ తీసి చూసింది. ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చేయని పని. అంతా చూశాక, "మొన్న పిల్లాడి చొక్కా కనపళ్ళేదులే. ఏమీ అనుకోబాక, ఆ ఒడి కూడా ఒకసారి దులుపు" అంది.

ఆమె ఒడి దులిపింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటి వెనకగదిలోకి తనే వెళ్ళి బట్టలు ఏరుకున్న మనిషి, నడివీధిలో, చెంగు విప్పి ఒడి దులిపింది. ఒక పొగాకు కాడ ముక్క రాలింది, అంతే. వంగి దాన్ని ఏరుకుని మళ్ళీ దోపుకుంది. తలెత్తితే నేను కనపడతాను, అయినా నావైపు చూడలేదు. మూట నెత్తిన పెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. ఆ పక్కింటామె బట్టలు గుమ్మం బయటే పెట్టి ఉంచింది, లోపలికి రానివ్వకుండా.

చేట నా ఒళ్ళోంచి జారి బియ్యం కిందపడ్డాయి. నేను అన్నది సబ్బు ముక్కల గురించి. ఊరు విన్నది ఆమె గురించి. ఒక చాకలామె అందరి ఇళ్ళలోకీ వెళ్ళాలంటే ఆమెకి ఉన్నది ఒక్క నమ్మకమే. అది పోతే ఏ గడపా లేదు, సాయంత్రం అన్నమూ లేదు. అది నేనే పోగొట్టాను, పదిమందిని నవ్వించడానికి.

"అత్తయ్యా, సాయంత్రం నీళ్ళకి నేను వెళ్తాను" అన్నాను. ఆవిడకి అర్థమైంది. "నీ ఇష్టం" అని మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రం బావి దగ్గర మళ్ళీ అంతే జనం. మిరప ఘాటు, చేదల చప్పుడు, పిల్లల ఏడుపులు. చాకలామెకి కబురంపలేదు. కానీ ఆమె అక్కడే ఉంది, గట్టుకి అవతల, అందరూ తోడుకున్నాక తోడుకుందామని దూరంగా నిలబడి. అంతకుముందు ఆమె అలా ఆగేది కాదు, చేద లాక్కుని తోడుకునేది.

బిందె కింద పెట్టాను. అన్ని మాటలు వాగే నోరు, అప్పుడు ఒక్క మాటకి రాలేదు. ఎలాగో కూడదీసుకుని, "మొన్న ఇక్కడ నేను సబ్బు గురించి అన్న మాట తప్పు" అన్నాను. ఒకరిద్దరు తిరిగి చూశారు. "ఆమె సబ్బు తియ్యలేదు. ఈ నీళ్ళలో సబ్బు నిలవదు. నేనే ఉతికి చూశాను. నాకు తెలియక ఆమె మీద నింద వేశాను."

దగ్గరున్నవాళ్ళు నన్నే చూస్తున్నారు. ఎదురింటావిడ చేద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. హమ్మయ్య, అయిపోయిందనుకుని బిందెకోసం వంగాను.

గట్టు అవతల నుంచి ఆ గొంతు వినపడింది. ఆ వీధిలో మాట్లాడితే ఈ వీధికి వినపడే గొంతు, ఇన్నాళ్ళకి.

"గట్టిగా చెప్పమ్మా. యివతలోళ్ళకి యినపళ్ళా."

బిందె వదిలేసి గట్టెక్కాను. గట్టిగా చెప్పాను.